ఓహో, ఇందుకా!

పిలవని పేరంటానికి వెళ్లకూడదని మా బామ్మ ఒకటికి పదిసార్లు చెప్పేది. నేనేమో పిలవని పేరంటానికి వెళ్లడమే వృత్తిగా పెట్టుకుని ముప్ఫయ్యారేళ్లు సంసారం ఈదుకొచ్చాను. 1976లో ఒక మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా సంచీ పట్టుకున్నది మొదలు, 2012లో ఆ సంచీ దించేదాకా, నన్ను రమ్మని ఏ డాక్టరూ కబురు పెట్టలేదు. నేను వెళ్లడమూ మానలేదు.

అయితే ఆ పేరంటానికి ఒక పద్ధతుండేది. రాజమండ్రి కానివ్వండి, తుని కానివ్వండి, అమలాపురం కానివ్వండి, డాక్టరుగారి హాల్లో బల్లమీద రోగుల మధ్య ఒద్దికగా కూర్చునేవాణ్ణి. లోపలికి ముందు నేను వెళ్లేవాణ్ణి కాను, నా కార్డు వెళ్లేది. కాంపౌండరు దాన్ని డాక్టరుగారి బల్లమీద పెట్టేవాడు. నా పేరు, కంపెనీ పేరు, అంతే ఉండేవి దానిమీద. అది చూడగానే ఆయనకి తెలిసిపోయేది, వీడు జ్వరంతో రాలేదు, మందులు అమ్ముకోడానికొచ్చాడు అని. తీరికుంటే పిలిచేవారు. లేకపోతే కాంపౌండరు బయటికొచ్చి చెయ్యి అడ్డంగా ఊపేవాడు. అంతటితో ఆ పూటకి సరి.

నా గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ఆ ముప్ఫయ్యారేళ్లలో ఒక్కసారి కూడా కడుపునొప్పని అబద్ధం చెప్పి లోపలికి దూరి, డాక్టరుగారు నాడి పట్టుకున్నాక సంచీ విప్పలేదు. మా వృత్తిలో ఎన్ని లోపాలున్నా, ఆ పని చేసినవాణ్ణి నేను చూడలేదు.

మరి డెబ్భయ్యో ఏట ఆ పనే చేశాను. ఆ సంగతి చెప్పాలనే కలం పట్టాను. కానీ తప్పు చేసినవాడికి తనకంటే ముందు ఎవరెవరు ఏమేం చేశారో వెతుక్కోవడం ఒక ఊరట. అంచేత ముందు ఆ చరిత్ర కాస్త వినండి.

అమెరికాలో డేటన్ అనే ఊళ్లో జాన్ ప్యాటర్సన్ అనే ఆయన 1884లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ పెట్టాడు. దుకాణంలో గల్లాపెట్టెకి బదులు వాడే యంత్రం అది. ఏ దుకాణదారుకీ అది కావలసిన వస్తువుగా తోచలేదు. ఆయన దగ్గర జోసెఫ్ క్రేన్ అని చుట్టరికంగల మనిషి ఒకడు మాత్రం యంత్రాలు తెగ అమ్మేవాడు. ఏమిటయ్యా నీ రహస్యం అని అడిగితే, ప్రతి దుకాణంలోనూ ఒకే మాట ఒకే వరసలో చెబుతానన్నాడట. ప్యాటర్సన్ 1887లో ఆ మాటలన్నీ చిన్న పుస్తకంగా అచ్చువేయించి, మిగతావాళ్లంతా కంఠతా పట్టాలన్నాడు. అమ్మకందారు నోట్లో అచ్చుమాట పెట్టిన పెద్దల్లో ఆయన మొదటివరసలో మనిషి. నేను అద్దం ముందు నిలబడి వల్లెవేసిన పాఠాలకి ఆయనే తాత అన్నమాట.

అయితే అచ్చుమాట వేరు, నిజాయితీ వేరు. పోటీ కంపెనీలని అక్రమంగా తొక్కేశారని ఆ ప్యాటర్సన్‌గారి మీదే కేసు నడిచింది. 1913లో శిక్ష కూడా వేశారు. పై కోర్టు 1915లో దాన్ని కొట్టేసింది లెండి.

ఇంకో రకంవాళ్లూ ఉండేవారు. షికాగోలో మాంట్‌గొమెరీ వార్డ్ 1872లో ఒక్క కాగితం మీద సరుకుల ధరలు అచ్చేసి పల్లెల్లో రైతులకి పంపాడు. మొహం చూడకుండా డబ్బు పంపమంటే ఎవడు పంపుతాడు? అందుకని 1875లో, సరుకు నచ్చకపోతే మీ డబ్బు మీకు వాపసు అన్నాడు. అనుమానం కొనేవాడిది, పూచీ అమ్మేవాడిది. 1906లో ఆల్‌ఫ్రెడ్ ఫుల్లర్ అనే కుర్రవాడు ఇల్లిల్లూ తిరిగి బ్రష్షులు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన మనుషులు గుమ్మంలో నిలబడి ఒక చిన్న బ్రష్షు ఉచితంగా చేతిలో పెట్టేవారు. ఇది మీదే, కొన్నా కొనకపోయినా, అని.

అంతదూరం పోవడం ఎందుకు, మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు, సంగీత సభల్లో ఆ డబ్బీలు ఉచితంగా పంచేవారని చెబుతారు. పాట వినడానికొచ్చినవాడు ఆ మందు కణతలకి రాసుకుంటాడు, నొప్పి తగ్గితే మర్నాడు కొంటాడు. తగ్గకపోతే పంతులుగారికే నష్టం. ఆ మందుమీద వచ్చిన డబ్బుతోనే ఆయన 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక తెచ్చారు. తెలుగువాళ్లు చదువుకున్న పత్రిక ఒకటి తలనొప్పి మందు మీద నడిచిందంటే నాకు ముచ్చటేస్తుంది. మా సంచీ జాతికి ఆమాత్రం గర్వం ఉండొద్దూ!

ఈ పెద్దలందరిలోనూ నాకు కనిపించే పోలిక ఒకటే. తలుపు తట్టాలంటే తట్టేవాడికి ఏదో ఖర్చయ్యేది. కాళ్లరుగుదలో, కాగితమో, చిన్న బ్రష్షో, అమృతాంజనం డబ్బీయో. ఊరికే ఖర్చుపెట్టుకోడు గనక, ఎవరి తలుపు తట్టాలో కాస్త ఆలోచించుకుని తట్టేవాడు.

ఆ ఖర్చు ఒక్కసారిగా పోయిన రోజు ఒకటుంది. 1978 మే 3. అప్పటికి ఇంటర్నెట్ లేదు. దానికి తల్లిలాంటి అర్పానెట్ అనే కంప్యూటర్ల వల ఉండేది. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాలవాళ్లు, ప్రభుత్వ పరిశోధకులు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాలు చూసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన తమ కొత్త కంప్యూటర్ చూడ్డానికి రమ్మని, అచ్చయిన చిరునామాల పుస్తకం ముందు పెట్టుకుని, సుమారు నాలుగువందలమందికి ఒకే ఉత్తరం పంపించాడు. చిరునామాలు మరీ ఎక్కువైపోయి వాటికి కేటాయించిన చోటు చాలక, ఉత్తరంలోకే పొర్లాయట. పెద్దలు చీవాట్లు పెట్టారు. కానీ ఆ ఉత్తరం పుణ్యమా అని లక్షల డాలర్ల బేరాలు కుదిరాయని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. నాలుగువందల తలుపులు ఒకే వేలితో తట్టొచ్చని లోకానికి తెలిసిపోయింది. అదే ఏడు నేను కాకినాడలో ముగ్గురు డాక్టర్లని కలవడానికి పొద్దున్నించి రాత్రి పదిదాకా కూర్చునేవాణ్ణి!

ఇక్కడ కథ రెండో పాయలోకి మళ్లుతుంది. ఇది అమ్మకందార్ల పాయ కాదు, సిఫారసు ఉత్తరాల పాయ. మన చిన్నప్పుడు పట్నం వెళ్లే కుర్రాడి చేతికి ఊళ్లో పెద్దాయన ఒక చీటీ రాసిచ్చేవారు కదా. ఆ చీటీకి బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? కుర్రాడు వెధవపని చేస్తే రాసినాయన పరువు పోతుంది, అందుకని. చీటీ ఊరికే వచ్చేది కాదు, పెద్దాయన పరువు తాకట్టు పెట్టుకుని వచ్చేది.

దీన్నే అమెరికాలో పండితులు లెక్కలుగట్టి చూశారు. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆచార్యుడు బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ల బ్రోకరుకి, ముక్కూమొహం తెలియని జనంచేత, తెలిసినవాళ్ల ద్వారానే ఉత్తరం చేర్పించాలని పరీక్ష పెట్టాడు. 1969లో అచ్చయిన లెక్క ప్రకారం 296మందితో మొదలైతే 64 ఉత్తరాలు చేరాయి. చేరినవాటికి మధ్యలో సగటున అయిదుగురు మనుషులు. లోకమంతా ఆ అయిదుగురిని తలుచుకుని, ప్రపంచం ఎంత చిన్నదో అని మురిసిపోయింది. దారిలో ఆగిపోయిన 232 ఉత్తరాలని ఎవరూ తలుచుకోలేదు. అమ్మకందారుగా నాకు మాత్రం ఆ 232 దగ్గరే ప్రాణం కొట్టుకుంటుంది. ప్రపంచం చిన్నదే కావచ్చు, నీ ఉత్తరం ముందుకు తోయాలని మాత్రం దానికేం లేదు.

1973లో మార్క్ గ్రనోవెటర్ మరో చిత్రం కనిపెట్టాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలుసుకుంటామన్నవాళ్లు నూటికి పదిహేడుమందికి మించలేదు. తక్కినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు, లేదా ఏడాదికోమాటు పలకరించుకునేవాళ్లు. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. దూరపువాళ్ల దగ్గరే కొత్త కబురుంటుంది. దూరపు చుట్టం పొలం గట్టున కలిస్తేనే కదా పెళ్లి సంబంధం తెలిసేది!

ఈ రెండు పాయలూ కలిసిన చోటే ఇప్పటి ఉద్యోగస్తుల వేదికలు. 1997లో సిక్స్‌డిగ్రీస్ అని ఒకటి వచ్చి కొద్ది సంవత్సరాలకే మూతపడింది. 2002 చివర రీడ్ హాఫ్‌మన్ తన ఇంట్లో నలుగురిని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టిన లింక్డిన్, 2003 మే 5న జనం ముందుకొచ్చింది. మొదటి నెలాఖరుకి చేరినవాళ్లు 4,500 మంది. 2023 నాటికి వందకోట్లు దాటారు. అమెరికా తర్వాత ఎక్కువమంది మనదేశంవాళ్లే.

నాకు నచ్చిన సంగతేమిటంటే, తొలిరోజుల్లో అక్కడ ముక్కూమొహం తెలియనివాడికి ఉత్తరం రాయాలంటే మధ్యలో ఉన్న పరిచయస్తుడు దాన్ని అందించాలి. అచ్చంగా మన సిఫారసు చీటీయే. కాలం గడిచేకొద్దీ ఆ మధ్యవర్తి పక్కకి తప్పుకున్నాడు. డబ్బు కడితే నేరుగా రాసే ఏర్పాటొచ్చింది. జనం పెరగాలన్న తొందరలో ఆ కంపెనీ కూడా తప్పటడుగు వేసింది. చేరినవాళ్ల చిరునామాల్లో ఉన్నవాళ్లకి, వాళ్ల పేరుమీదే మళ్లీమళ్లీ ఆహ్వానాలు పంపిందని 2013లో కేసయింది. 2015లో కోటీ ముప్ఫైలక్షల డాలర్లకి రాజీపడ్డారు. మన పేరుతో మనకి తెలియకుండా తలుపు తడితే ఎలా ఉంటుందో, ఆ కేసు వేసినవాళ్లకి తెలుసు.

అదే 2015లో వాళ్లే ఒక మంచి పనీ చేశారు. డబ్బు కట్టి పంపే ఉత్తరాలకి లెక్కుంటుంది. అంతకుముందు, జవాబు రాకపోతే ఆ ఉత్తరం మళ్లీ మీ ఖాతాలో పడేది. అంటే పనికిమాలిన ఉత్తరం రాసినవాడికి బహుమానం! ఆ జనవరి నుంచి తిరగేశారు. జవాబొస్తేనే వాపసు. వద్దు అన్న జవాబైనా సరే. నూరేళ్లకి పైగా లోకం నేర్చుకుంటూ మరిచిపోతూ వచ్చిన పాఠం ఇంతే. తట్టడానికి ఖర్చుండాలి, తీసినవాడి తీరికకి విలువుండాలి. 2021లో వారానికి పంపగలిగే ఆహ్వానాలకి కూడా కళ్లెం వేశారు. యంత్రాలచేత ఉత్తరాలు పంపించకూడదని వాళ్ల షరతుల్లో ఉండనే ఉంది. మనదేశంలో ఫోన్లు చేసి విసిగించేవాళ్ల కోసం 2007లోనే, మాకు చెయ్యొద్దు అని పేరు రాయించుకునే పట్టిక పెట్టారు. ఒక్కొక్క తలుపుకీ తాళాలు పడుతున్నాయంటే, కడుపునొప్పివాళ్లు ఎక్కువయ్యారనే కదా అర్థం!

ఇప్పుడు నా కడుపునొప్పి సంగతి.

మా మేనల్లుడు హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ పెట్టాడు. నర్సింగ్‌హోముల్లో టోకెన్లూ బిల్లులూ చూసే సాఫ్ట్‌వేర్ అది. నిజం చెప్పాలంటే మంచి సరుకే. రెండేళ్ల క్రితం ఒకరోజు నా పక్కన కూర్చుని, “మావయ్యా, నీకు తెలియని డాక్టరు గోదావరి జిల్లాల్లో లేడు. నీ పేరుమీద నాలుగు ఉత్తరాలు పంపుతాను” అన్నాడు. నాకూ ఉబ్బుగానే ఉంది. రిటైరైనవాణ్ణి మళ్లీ ఎవరైనా పనికొస్తావంటే ఉబ్బకుండా ఉంటానా?

“మొదటి ఉత్తరంలో వ్యాపారం మాటెత్తకూడదు మావయ్యా. ఎత్తితే ఎవరూ జవాబివ్వరు. ముందు పలకరింపు. మూడోరోజున అసలు సంగతి. అన్నీ అదే పంపుకుంటుంది, నువ్వు చూడక్కర్లేదు” అన్నాడు.

ఆ మాట వినగానే నా చెవిలో బామ్మ పలకాలి. పలకలేదు. సరేనన్నాను. తప్పు వాడి మీదికి తోయను. వాడికి బల్లమీద కూర్చున్న అనుభవం లేదు, నాకుంది.

నూట నలభైమందికి వెళ్లింది ఉత్తరం. ‘డాక్టరుగారూ, నమస్కారం. చాలా కాలమైంది. ఈమధ్య మీరు గుర్తొచ్చారు. ఎలా ఉన్నారు?’ అంతే.

ఆ నూట నలభైలో అమలాపురం వైపు పెద్ద డాక్టరుగారొకరున్నారు. ఎనభై దాటాయి. ఆసుపత్రి కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన ఆ రాత్రే జవాబు రాశారు. పొడుగాటి జవాబు. ఏమయ్యా, నేను గుర్తొచ్చానా, చాలా సంతోషం అన్నారు. నిరుడు ఆవిడ పోయిందన్నారు. నువ్వు ఏటా తెచ్చిచ్చే క్యాలెండరు వంటింట్లో తగిలించుకుని, పాలవాడి లెక్క దానిమీదే రాసేది, జ్ఞాపకముందా అన్నారు. పగలు ఫర్వాలేదు, సాయంత్రాలే తోచడం లేదన్నారు.

నేను అప్పుడు పెళ్లికని పల్లెటూళ్లో ఉన్నాను. ఆ జవాబు చూడలేదు. యంత్రం మాత్రం తన పని తను చేసింది. జవాబొస్తే ఆగిపోవాలట, ఏదో పొరపాటున ఆగలేదు. మూడోరోజు పొద్దున్న, భార్య పోయిందని రాసుకున్న మనిషికి నా పేరుమీద రెండో ఉత్తరం వెళ్లింది. మీ ఆసుపత్రి రాబడి పెంచుకోడానికి పదిహేను నిమిషాలు కేటాయించగలరా అని.

ఆయన ఒకే ఒక ముక్క రాశారు.

‘ఓహో, ఇందుకా!’

పెళ్లి నుంచొచ్చి, మా ఆవిడ కాఫీ తెచ్చేలోపు రెండు ఉత్తరాలూ ఒకదాని కిందొకటి చదివాను. మొదటిది చదివి కళ్లు చెమర్చాయి. రెండోది చదివి తల ఎత్తలేకపోయాను. మా ఆవిడ కూడా చదివింది. ఏమీ అనలేదు. గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

క్షమించమని ఉత్తరం రాయబోయాను. నాలుగు మాటలు రాసి ఆపేశాను. యంత్రం రాసిందో నేను రాశానో ఆయనకెలా తెలుస్తుంది? చెడిపోయింది ఆ నమ్మకమే కదా. మర్నాడు బస్సెక్కాను.

హాల్లో బల్ల మారింది, కుర్చీలొచ్చాయి. పెట్టె అడుగున మిగిలిన పాత కార్డు ఒకటి తీసుకెళ్లాను. కంపెనీ పేరు కొట్టేసి, కౌంటరు దగ్గర అమ్మాయి చేతికిచ్చి, పెద్ద డాక్టరుగారికి పంపమన్నాను. గంటన్నర కూర్చున్నాను. వెళ్లిపొమ్మన్నా న్యాయమే అనుకున్నాను. చివరికి పిలుపొచ్చింది.

“సంచీ ఏదయ్యా?” అన్నారు.

“తేలేదండీ.”

“మరెందుకొచ్చావు?”

“ఇందుకేనండీ” అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నానుగాని గొంతు పెగల్లేదు.

ఆయన చాలాసేపు కార్డు అటూ ఇటూ తిప్పారు. తర్వాత లేచి ఇంట్లోకి తీసుకెళ్లారు. ఆయనే కాఫీ కలిపారు. చక్కెర రెండింతలు పడింది. వంటింటి గోడకి ఒక పాత మేకు మాత్రం ఉంది. ఇద్దరం దానివంక చూశాంగానీ, ఆ మాట ఎత్తలేదు. పొద్దుగూకిందాకా కూర్చుని వచ్చాను.

ఇంటికొచ్చి మా మేనల్లుడితో చెప్పాను. నా పేరుమీద ఉత్తరం వెళితే నేనే రాయాలి. మొదటి వాక్యంలోనే నేనెవరో, ఏం అమ్మడానికి వచ్చానో ఉండాలి. వాళ్ల పేరు నాకెలా తెలిసిందో రెండో వాక్యంలో ఉండాలి. చూడని వ్యాసం చూశాననీ, మెచ్చని మనిషిని మెచ్చుకున్నాననీ రాయకూడదు. వద్దనడానికి ఒక్క మాట చాలని చెప్పాలి. వద్దంటే ఇంక తట్టకూడదు. వాడు తల గోక్కుని, “అలా రాస్తే ఎవరిస్తారు మావయ్యా జవాబు?” అన్నాడు.

వాడన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. వారానికి పది పన్నెండు రాస్తాను. చాలామంది పలకరు. కొందరు వద్దంటారు. వాళ్లకి కృతజ్ఞత చెబుతాను, ఆ రోజుల్లో చెయ్యి ఊపిన కాంపౌండరుకి చెప్పినట్టే. ఎప్పుడో ఒకరు, సరే, ఏమిటో చూపించండి అంటారు. ఆ ఒక్కరి ముందు కూర్చున్నప్పుడు నా మొహం నాకు బరువనిపించదు. మా వాడి వ్యాపారం మేడలేమీ కట్టలేదు, మూతా పడలేదు.

పెద్ద డాక్టరుగారి ఆసుపత్రివాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ కొనలేదు. నేను అడగనూ లేదు. మా వాడి జాబితాలో ఆయన పేరు దగ్గరుండి కొట్టించేశాను. ఉగాదికి మాత్రం ఆయనకి ఒక ఉత్తరం రాస్తాను. ఎలా ఉన్నారు అని అడుగుతాను. దాని తర్వాత మూడోరోజున ఏమీ వెళ్లదు.